మూత తీయని కెమెరా

ఆ సోమవారం పొద్దున జోగారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తినడం, తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరి ఎల్బీనగర్ దాకా నడవడం, పదకొండింటికి సాంబమూర్తి అనే పెద్దమనిషి దగ్గర పాత రష్యా లెన్సు ఒకటి కొనుక్కోవడం, మధ్యాహ్నానికి గదికి తిరిగొచ్చి మజ్జిగన్నం తిని పడుకోవడం. ఇందులో ఎవరితోనూ పేచీ పడేది లేదు, ఎవరి దారికీ అడ్డొచ్చేది లేదు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి నెల దాటింది. ఆ రోజు పైపెచ్చు బంద్. బస్సులూ ఆటోలూ లేకపోతే ఏం, నాలుగైదు కిలోమీటర్లే కదా అనుకున్నాడు. తలరాత మాత్రం ఇలాంటి చిన్న పథకాలనే ఏరుకుని మరీ పట్టుకుంటుంది.

జోగారావుకు నలభై ఆరేళ్లు. ఊరు అమలాపురం పక్కన. పదకొండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరుకు పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ, నాలుగంతస్తుల మేడ మీద ఒంటి గదిలో కాపురం ఉంటున్నాడు. కాపురం అనడం మర్యాద కోసం. పెళ్లి సంబంధాలు ముప్ఫై ఆరో ఏటి దాకా వచ్చాయి, ఆ తర్వాత అవి కూడా దారి మరిచిపోయాయి. సమ్మె వల్ల కోచింగ్ సెంటరు మూతపడ్డాక అతను నోరు తెరిచింది మూడు పనులకే: తినడానికి, ఆవలించడానికి, పాలవాడికి అరలీటరని చెప్పడానికి.

అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. కాని టీవీలో రెండు వైపుల వాళ్ల కేకలూ విని విని, తన నోట్లోంచి గోదావరి యాస బయటపడితే ఏ తంటా వస్తుందోనని అతనే నోటికి తాళం వేసుకున్నాడు. కిరాణా కొట్టులో కూడా వేలు పెట్టి చూపించి సరుకులు తెచ్చుకునేవాడు. కొట్టువాడు అతణ్ణి మూగవాడనుకుని, జాలిపడి, కాస్త మొగ్గు చూపి తూచేవాడు. ఒక మనిషికి అంతకంటే ఒంటరితనం ఉండదు.

ఇక కెమెరా సంగతి. మూడు నెలల క్రితం కోఠీలో ఆదివారం పాత సామాన్ల సంతలో అతనికి జోర్కీ అనే రష్యా కెమెరా దొరికింది. ఇనుప ముద్దలా బరువుగా ఉంది. అన్నీ ఉన్నాయి గాని లెన్సు లేదు, లెన్సు ఉండాల్సిన చోట నల్లని ప్లాస్టిక్ మూత ఉంది. అయినా కొన్నాడు. ఆ రకం కెమెరాలో ఒక విచిత్రం ఉంది. అందులో మనం లెన్సులోంచి చూడం, పైన పక్కగా ఉన్న చిన్న గాజు కిటికీలోంచి చూస్తాం. కాబట్టి లెన్సు ఉన్నా లేకపోయినా లోకం చక్కగానే కనిపిస్తుంది. దూరం సరిచూసుకోవడానికి ఆ కిటికీ నడుమ ప్రతి మనిషీ రెండుగా కనబడతాడు. లెన్సు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. జోగారావుకు లెన్సు లేదు గనుక అతనికి అందరూ ఇద్దరిద్దరుగానే ఉండేవారు. ఒంటిగాడి కంటికి అదీ ఒక సందడే.

సాయంత్రాలు మేడ మీద నిలబడి ఆ కిటికీలోంచి వీధిలోకి చూసేవాడు. పదకొండేళ్లుగా అతణ్ణి చూసి పెదవి కదపని వీధి, కెమెరా కనబడగానే జుట్టు సర్దుకుని నవ్వింది. ఎదురింటావిడ పిల్లను ఎత్తి చూపించింది. ఆ రోజే అతనికి జ్ఞానోదయమైంది. ఫోటో తీస్తే దాన్ని ఇవ్వడానికి వాళ్ల గుమ్మం ఎక్కొచ్చు. గుమ్మం ఎక్కితే ఎవరైనా లోపలికి రమ్మంటారు. రమ్మన్నాక కూర్చోమనక తప్పదు. అతనికి కావలసింది ఆ కూర్చోమనే మాట. అందుకు లెన్సు కావాలి.

జర్మనీ లెన్సు కొనాలంటే ఆర్నెల్లు పస్తుండాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రష్యావాళ్లు అదే అచ్చును తెచ్చుకుని, జూపిటర్ అని పేరు పెట్టి, బండ్లకొద్దీ తయారుచేశారు. అది సామాన్యుడికి అందే సరుకు. ఎల్బీనగర్ సాంబమూర్తి గారు ఏదో మందుల ఫ్యాక్టరీలో రష్యా ఇంజనీర్లతో పనిచేసి రిటైరయ్యారు. వాళ్లు వెళ్తూ వెళ్తూ ఇచ్చిపోయిన జూపిటర్ ఒకటి అమ్ముతానని ఇంటర్నెట్‌లో ప్రకటన ఇచ్చారు. పదకొండింటికి చౌరస్తా దగ్గర కలుద్దామని కబురు పెట్టారు. లెన్సు సరిగా బిగుస్తుందో లేదో చూడాలి గనుక జోగారావు కెమెరా మెడలో వేసుకున్నాడు. జేబులో ఒక ఫిలిం రోలు, ప్రూఫులు దిద్దే పెన్సిలు, చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాడు. కెమెరాలో ఫిలిం ఎక్కించలేదు. లెన్సు లేనప్పుడు ఫిలిం దేనికి?

చైతన్యపురి దాటగానే రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు దగ్గర నలభై ఏళ్ల దిట్టమైన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. పేరు ఇస్సాకు, చంపాపేటలో వెల్డింగ్ పని చేస్తాడు, ఆ రోజు ఊరేగింపులో మనుషుల్ని సర్దే బాధ్యత అతనిది. జోగారావును కిందికీ పైకీ చూసి, మెడలో కెమెరా చూసి, "ఏ పేపరు సార్?" అని అడిగాడు.

ఏ పేపరూ కాదు, లెన్సు కొనుక్కోవడానికి పోతున్నానండి అంటే అయిపోయేది. కాని ఆ 'అండి' ఒక్కటే జోగారావును పట్టించేస్తుంది. నోరు తెరవకుండా తల ఊపాడు. పేపరువాళ్లయితే మా ఫోటో తీయమన్నాడు ఇస్సాకు. వెనక ఉన్న పాతికమందీ అప్పటికే వరుసగా నిలబడి పిడికిళ్లు ఎత్తారు. మింగలేక కక్కలేక జోగారావు కెమెరా కంటికి ఆనించాడు. పాతికమందీ యాభైమందిగా కనిపించారు. మూత తీయకుండానే, ఫిలిం లేకుండానే, టక్కున నొక్కాడు.

మంచి ఫోటోగ్రాఫరు చేతిలో ఆ కెమెరా చేసే చప్పుడే అతని చేతిలోనూ చేసింది. జనం సంతోషించారు. ఇస్సాకు మాత్రం జోగారావు మొహంలోకి ఒక్క క్షణం అదేపనిగా చూసి, పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. పక్కవాడు మరొకడి చెవిలో చెప్పాడు. ఆ మాట ఊరేగింపు పొడుగునా పాకిపోయి, చూస్తుండగా అందరి చూపుల్లోకీ మర్యాద వచ్చేసింది. ఎక్కణ్ణించో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది.

"కూసోండి సార్" అన్నాడు ఇస్సాకు.

జోగారావు కూర్చున్నాడు. పదకొండేళ్లలో ఈ ఊళ్లో అతణ్ణి ఎవరైనా కూర్చోమనడం అదే మొదటిసారి.

అక్కణ్ణించి ఎల్బీనగర్ దాకా అతనికి జరిగిన వైభోగం పెళ్లికొడుక్కి కూడా జరగదు. నడుస్తుంటే ఇస్సాకు గొడుగు పట్టాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి రసం ఇచ్చారు. ఊరేగింపు ఆగినప్పుడల్లా కుర్చీ వేశారు. అతనికి ఎప్పుడూ ఇద్దరు ముందు, ఇద్దరు వెనక నడిచారు. ఒకసారి అతను చాటుకు పోవలసి వచ్చి చిటికెన వేలు చూపిస్తే, గోడ దాకా నలుగురూ తోడొచ్చి, అటు తిరిగి నిలబడి, మళ్లీ వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. ఇంత ఆప్యాయత లోకంలో ఉందా అని జోగారావుకు కళ్లు చెమర్చాయి. ఈ మనుషులకా తాను భయపడి నెలరోజులు గదిలో మగ్గిందని సిగ్గుపడ్డాడు. అయినా నోరు విప్పలేదు. విప్పితే ఈ గొడుగూ ఈ కుర్చీ ఎక్కడ పోతాయోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. దానికి బదులు ఎవరు అడిగితే వారికి, అడగనివారికి కూడా, ఫోటోలు తీశాడు. ముప్ఫై, నలభై, యాభై. ఏ రోలూ అంత పొడుగు ఉండదని ఎవరికీ తట్టలేదు.

తీసిన ఫోటోలు ఇవ్వాలంటే ఇళ్లెక్కడో తెలియాలి. ఆ క్షణాన ఫోటోలే లేవన్న సంగతి అతని మనసు పక్కన పెట్టేసింది. జేబులోంచి నోటుబుక్కు, పెన్సిలు తీసి మాటాపలుకూ లేకుండా ఒక్కొక్కరి ముందు పెట్టాడు. పేర్లూ అడ్రసులూ రాయమని సైగ చేశాడు. దాంతో జనంలో ఏదో కలకలం రేగింది. ఎందుకో జోగారావుకు అర్థం కాలేదు. ఒకాయన తన పేరు తానే రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు. వేర్వేరు మనుషులు ముగ్గురు ఒకే ఇంటి నంబరు వేశారు. ప్రూఫులు దిద్దే కన్ను గనుక అది గమనించింది, కాని ఉమ్మడి కుటుంబం కాబోలని సరిపెట్టుకుంది. మెడలో తువ్వాలు వేసుకుని అందరికంటే గట్టిగా నినాదాలిస్తున్న గోపయ్య అనే అతను మాత్రం పెన్సిలు అందుకునే ముందు ఎందుకో మడమలు రెండూ దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాడు. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా ముత్యాల్లా రాసిచ్చాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే మూడేసి రాళ్లు పెట్టి పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పు వండుతున్నారు. ఆ రోజుల్లో నిరసనంటే అదొక పద్ధతి. దారి ఆపి, అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ పెట్టడం. ఇస్సాకు భార్య కృపమ్మ గరిటెతో పప్పు కలుపుతోంది. ఆమె ముందు నోటుబుక్కు పెట్టగానే భర్త ఆమె చెవిలో ఏదో గొణిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, జోగారావు వైపు తిరిగింది.

"నేను ఉన్నదే చెప్త. అబద్ధం రాయిస్తే ఆదివారం ప్రార్థనల ఏ మొకంతోటి కూసుంట? కృపమ్మ, చంపాపేట, చర్చి ఎనక రెండో గల్లీ. మా ఇద్దరి ఫోటో ఒకటియ్యి. పెండ్లి ఫోటో వానకు తడిసి కరాబైంది, మల్ల దిగనే లేదు."

భార్యాభర్తల్ని పక్కపక్కన నిలబెట్టి జోగారావు మూత ఉన్న కెమెరాతో టక్కున నొక్కాడు. కృపమ్మ కొంగు సర్దుకుని ఎంత బుద్ధిగా నిలబడిందంటే, నొక్కాక అతను ఆమె మొహం చూడలేక కెమెరా దించేశాడు. పొద్దుట్నుంచీ చేస్తున్నది ఆడుకోవడం కాదని, మోసమని అప్పుడు తెలిసింది. ఈమె ఆ ఫోటో కోసం ఎదురుచూస్తుంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుండగానే, మీద మరో పిడుగు పడింది. ట్రాలీ ఆటో మీద నిలబడ్డ నాయకుడు ప్రెస్సువారు రెండు ముక్కలు మాట్లాడాలని మైకులో అడిగాడు. ఆ సలహా ఇచ్చింది ఇస్సాకే. నోరు తెరిస్తే మనిషెవరో తేలిపోతుందని అతని లెక్క. మైకు జోగారావు చేతికి వచ్చింది. రెండు మూడు వందల మంది అతని వైపు తిరిగారు.

"జోగారావు గారంటే మీరేనటండీ? ఆ కెమెరా చూసి పోల్చేను." గుంపులోంచి ఒక ముసలాయన చేతిలో అన్నం విస్తరి పట్టుకుని తాపీగా వచ్చాడు. సాంబమూర్తి గారు. మనిషికి చెవుడు, అందుకని మాట్లాడితే మైకు అవసరం ఉండదు. "వంట చేస్తన్నారు కదాని ఓ పట్టు పడదామని ముందే వచ్చేసేనండి. రోజూ ఇక్కడే నా భోజనం. ఆయ్, మూత తీయండి, లెన్సు పడుతుందో లేదో చూద్దాం."

అంటూ విస్తరి ఇస్సాకు చేతిలో పెట్టి, తానే మూత విప్పేశాడు. మూత వెనక ఏమీ లేదు. గుండ్రటి కన్నం ఉంది. కెమెరా వెనక తలుపు తీశాడు. అక్కడా ఏమీ లేదు. లోపలి తెర తెరుచుకునేలా మీట నొక్కిపట్టి ముందు నుంచి చూస్తే వెనకున్న జనం కనబడ్డారు.

ఇస్సాకు ఆ కన్నంలోకి చాలాసేపు చూశాడు.

"పొద్దుగాల సంది ఏం దీసినవ్ సార్ మరి?"

"ఏమీ తీయలేదండి" అన్నాడు జోగారావు. మైకు చేతిలోనే ఉంది గనుక ఆ మాట చౌరస్తా నాలుగు వైపులా వినబడింది. గోదావరి గోదావరిలాగే వినబడింది. ఇక దాచేది ఏమీ మిగల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటానని, ప్రూఫులు దిద్దుతానని, లెన్సు కొనడానికే బయల్దేరానని, యాస బయటపడుతుందని నోరు మూసుకున్నానని చెప్పేశాడు. చెప్పడం అలవాటు తప్పి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "మీరు కుర్చీ వేసేరండి. నాకు ఈ ఊళ్లో కుర్చీ వేసినవాళ్లు ఎవరూ లేరు. లేవబుద్ధి కాలేదు. తప్పయిపోయింది."

ఇస్సాకు మొహం కాస్త ఇబ్బందిగా పెట్టాడు. "నువ్వు మఫ్టీల ఉన్న పోలీసోనివి అనుకున్నం సార్. మాట్లాడవు, గుచ్చి గుచ్చి సూస్తవు, పేర్లు రాస్కుంటవు. అటిటు తిరగకుండ ఉంటవని కుర్చీ ఏసిన."

జోగారావుకు ఒక్కొక్కటే అర్థమైంది. గొడుగు కాపలా. బత్తాయి రసం కాపలా. గోడ దాకా తోడొచ్చిన నలుగురూ కాపలా. తన్నినా అంత నొప్పి ఉండేది కాదు. జనం ఒక్కసారి ఘొల్లున నవ్వి, ఎవరి దారిన వారు విస్తళ్ల వైపు పోయారు. అనుమానం తీరిపోయిన మనిషిని ఎవరు చూస్తారు? ఇస్సాకు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని భార్య ఉన్న వైపు వెళ్లిపోయాడు. సందడి మధ్య జోగారావు ఎండలో ఒక్కడే నిలబడ్డాడు. మేడ మీద గదిలో కూడా అతనికి అంత ఒంటరిగా ఉండేది కాదు.

సాంబమూర్తి గారు ఇదేమీ వినలేదు. పంచె చెంగులోంచి లెన్సు తీసి, నంబరులో మొదటి రెండు అంకెలే పుట్టిన సంవత్సరమని, ఇది అరవై ఐదుదని, లోపల బూజు లేదని సూర్యుడికి ఎదురుగా పట్టి చూపించారు. జోగారావు ఊరికే తల ఊపి, అడిగింది ఇచ్చేసి, లెన్సు బిగించాడు. బిగుసుకుంది. అలవాటు కొద్దీ కంటికి ఆనించి తిప్పాడు. కిటికీలో ఇద్దరు కృపమ్మలు గరిటెతో పప్పు వడ్డిస్తున్నారు. కాస్త తిప్పితే ఇద్దరూ దగ్గరికి జరిగారు. ఇంకాస్త తిప్పితే ఒక్కతే కృపమ్మ, చెంపలకు చెమటతో, స్పష్టంగా నిలబడింది. ఆమె కూడా అతని వైపే చూస్తోంది.

"ఎంతసేపు నిలవడ్తవ్ గా ఎండల? వచ్చి తిను" అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "పోలీసోడు గాకుంటె అన్నం తినడా?" అని అడిగింది. ఇస్సాకు కుర్చీ తెచ్చి వేశాడు. ఈసారి గొడుగు లేదు, ముందు ఇద్దరు వెనక ఇద్దరు లేరు. వేసిన మనిషి కూడా పక్కనే నేల మీద కూర్చున్నాడు. జోగారావు కుర్చీ దిగి అతని పక్కన కూర్చుని తిన్నాడు.

తిన్నాక రోలు ఎక్కించి, ఈసారి లెన్సుతో, ఆ దంపతుల ఫోటో మళ్లీ తీశాడు. అది చూసి పొద్దుటివాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్లు ఫోటో దిగడానికి ముందు నోటుబుక్కు అడిగారు. పొద్దున రాసినది కొట్టేయమని, అది తప్పుడు అడ్రసని, కొందరైతే తప్పుడు పేరని తలగోక్కుంటూ చెప్పారు. జోగారావు పెన్సిలు తీసి, పదకొండేళ్లుగా చేస్తున్న పనే అయినా మొదటిసారి ఇష్టంగా, తప్పులన్నీ కొట్టేసి పక్కన ఒప్పులు రాశాడు. దిద్దించుకోనివాళ్లు ఇద్దరే. కృపమ్మ ఒకతె. రెండోవాడు గోపయ్య. అతను తువ్వాలు ముక్కు దాకా లాక్కుని గుంపు ఫోటోలో ఒక మూల నిలబడి, తన అడ్రసు సరిగానే ఉందని చెప్పి త్వరగా వెళ్లిపోయాడు.

సమ్మె ముగిసిన తర్వాతి ఆదివారం జోగారావు ఫోటోలు సంచిలో వేసుకుని చంపాపేటలో మొదలుపెట్టాడు. కృపమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. ఇంత తెల్లగా ఉంటానా అని ఇస్సాకును అడిగి, అతను లేవంటే కోప్పడి, దాన్ని గోడకు పెట్టింది. అతణ్ణి తినకుండా కదలనివ్వలేదు. తర్వాత మిగతా ఇళ్లు. ప్రతి గుమ్మంలోనూ రమ్మన్నారు, ప్రతి ఇంట్లోనూ కూర్చోమన్నారు. పద్దెనిమిది ఇళ్లు తిరిగేసరికి పద్దెనిమిది టీలయ్యాయి. నోరు నొప్పి పుట్టేలా మాట్లాడాడు.

చివరిది గోపయ్య ఇల్లు. ఆ అడ్రసు పట్టుకుని పోతే పోలీసు క్వార్టర్స్ వచ్చాయి. తలుపు తీసిన గోపయ్య లుంగీలో ఉన్నాడు. వెనక కొక్కేనికి ఖాకీ చొక్కా వేలాడుతోంది. అతను జోగారావును గబగబా లోపలికి లాగి తలుపు వేశాడు. ఆ గుంపులోకి మఫ్టీలో పంపిన మనిషి అతనేనట. బంద్ రోజు పొద్దున జోగారావును చూసి, తన పని ఎలా ఉందో చూడటానికి పైనుంచి వచ్చిన అధికారి అనుకుని, భయంతో నిజమైన అడ్రసు రాసిచ్చాడట. నలభై రోజులు వాళ్ల అన్నమే తిన్నానని, వాళ్ల మీద ఒక్క చెడ్డ ముక్క కూడా రాయలేదని, ఈ సంగతి బయటపెట్టొద్దని చేతులు పట్టుకున్నాడు. బయటపెట్టనని జోగారావు మాటిచ్చాడు. గోపయ్య అతణ్ణి కూర్చోబెట్టి పందొమ్మిదో టీ తెచ్చాడు.

టీ తాగుతూ, తన గురించి ఏమైనా రాశారా అని జోగారావు అడిగాడు. రాయక తప్పలేదన్నాడు గోపయ్య. "మూడే ముక్కలు రాసిన సార్. దిల్‌సుఖ్‌నగర్ నివాసి. ఒంటరి. ప్రమాదం లేదు. ఏమన్న మార్చాలంటె చెప్పున్రి, ఇంకా పైకి పంపలే."

జోగారావు గ్లాసు కింద పెట్టి, జేబులో పెన్సిలు తడుముకున్నాడు.

"మొదటిదీ మూడోదీ ఉండనివ్వండి" అన్నాడు.